చెప్పకపోతే ఎడమవైపే

సోమవారం పొద్దున ఆఫీసు గోడమీది బోర్డులో కత్తెర పేరుకెదురుగా మైనస్ రెండువేల మూడువందల పన్నెండు అని ఉంది. అంకె ముందున్నది చిన్న గీతే. కానీ ఆ గీత గుమ్మంలోంచే కనబడింది.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. ఎవరు పని ముగించి అప్పగించినా, ఆ పనితో కోడ్ ఎన్ని లైన్లు పెరిగిందో మర్నాడు పొద్దుటికల్లా వాళ్ల పేరు పక్కన అంకె వేసి చూపిస్తుంది. ఈ ఆఫీసు నడిపే మేడమ్ పెట్టించింది దాన్ని. ఎంత రాస్తే అంత పని చేసినట్టని ఆవిడ గట్టి నమ్మకం. గురువుగారికి తొమ్మిదివందలు, వాగుడుకాయకి పదిహేనువందల చిల్లర, మిగతావాళ్లకీ అంతో ఇంతో ఉంది. అందరిలోకీ ఈవిడ ఒక్కతే సున్నా కింద ఉంది. ఉన్న కోడ్‌ని కోసిపారేసే అలవాటు వల్లే ఆఫీసులో ఆవిడకి కత్తెర అని పేరు పడింది. నలభై దాటిన మనిషి, ఆ పేరుకి ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. వాళ్లమ్మ టైలరని వీళ్లెవరికీ తెలియదు మరి.

"అక్కా, ఇంకో రెండు వారాలు నువ్విలాగే కష్టపడితే కోడ్ మొత్తం అయిపోతుంది, అందరం తాళం వేసుకుని ఇంటికెళ్లిపోవచ్చు," అంది పక్క సీటు వాగుడుకాయ.

"నోరు మూసుకుని పని చూసుకో."

"నోరు మూసుకుంటే నన్నా పేరుతో ఎందుకు పిలుస్తారు?"

కత్తెరకి నవ్వొచ్చింది గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గురువుగారు టీ కప్పు పట్టుకుని మెల్లగా వచ్చి ఆవిడ బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. ఈ ఆఫీసులో అందరికంటే ముందు చేరినవాడాయన, బేకరీ ఓవెన్ల స్క్రీన్లకి కోడ్ రాసే ఈ ఆరుగురికీ పెద్ద. ఎవర్నీ గట్టిగా ఒక మాట అనడు.

"చూడమ్మా, నువ్వు చేసింది తప్పని నేననను. కానీ మేడమ్ అంకె చూస్తుంది, అర్థం చూడదు. శనివారం జాబితా వేస్తుందట. మైనస్‌లో ఉన్నవాళ్లని ఓవెన్ల పనిలోంచి తీసి పరీక్షల గదికి పంపుతుందట. ఏదో ఒకటి రాయి. ఒక నాలుగొందల లైన్లు కలుపు, గండం గడుస్తుంది."

"అక్కర్లేనివి ఎలా కలపమంటారు గురువుగారూ?"

"అక్కర్లేనివి రాయడం మానేస్తే ఈ ఊళ్లో సగం ఆఫీసులు మూతపడతాయమ్మా," అని ఆయన టీ ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

పరీక్షల గదంటే మెట్ల కింద, కిటికీ లేని గది. అక్కడ కూర్చుని వేరేవాళ్లు చేసిన స్క్రీన్ల మీద పొద్దస్తమానం బొత్తాలు నొక్కుతూ, ఎక్కడ ఆగిపోయిందో ఎక్కడ ఆగలేదో రాసిపెట్టాలి. అదీ పనే, కాదనడానికి లేదు. అక్కడ కూర్చున్నవాళ్లలో మంచి పనివాళ్లూ ఉన్నారు. కానీ ఓవెన్ల స్క్రీన్లు వదిలి అక్కడికి వెళ్లాలనుకుంటేనే కత్తెరకి ప్రాణం ఉసూరుమంది. రొట్టెలు కాల్చే పెద్ద పెద్ద ఓవెన్లు అవి, మనిషి నిలబడి లోపలికి నడిచి వెళ్లేంత. ఆ ఓవెన్ తలుపు పక్కన బిగించే ప్యానెల్‌లో మొత్తం నలభై ఎనిమిది స్క్రీన్లు. వేడి ఎంత, ఆవిరి ఎంత, ఇంకా ఎన్ని నిమిషాలు, ఏ పళ్లెం ఎక్కడ. ఇరవై రెండు స్క్రీన్లు పోయిన వారం తను సరిచేసింది. ఇరవై ఆరు మిగిలాయి. వాటిని అలా వదిలేసి మెట్ల కిందికి పోతే ఆ ఇరవై ఆరూ తనని నిద్రపోనివ్వవు.

అందుకని సోమవారం సాయంత్రం దాకా ఆవిడ నాలుగొందల లైన్లు కలిపే పని పెట్టుకోలేదు. ఇరవై మూడో స్క్రీన్ తెరిచి కోయడం మొదలుపెట్టింది.

*

ఇంటి ముందుగదే వాళ్లమ్మ కుట్టుకొట్టు. గుమ్మం మీద రేకు బోర్డు, దాని మీద మీసాలాయన బొమ్మ, మెడలో టేపు. ఈ ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు బోర్డు రాసినవాడు "టైలర్ అంటే ఇలాగే ఉంటాడమ్మా" అని తనంతట తానే వేసిపోయాడు. ముప్ఫై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్నది మీసాల్లేని మనిషి. అయినా ఆ బొమ్మ జోలికి ఎవరూ పోలేదు.

కత్తెర చెప్పులు విప్పుతుండగానే లోపల ఎవరో కొత్త మనిషి గొంతు వినబడింది.

"టైలర్ గారు లేరా అమ్మా?"

"ఉన్నారు, చెప్పండి," అంది తల్లి, మిషన్ మీంచి తల ఎత్తకుండానే.

"ఆయన వచ్చాకే చెప్తాను లెండి, కొలతలివ్వాలి."

"మా ఆయన వస్తే మీకు బస్సు టికెట్ ఇస్తాడు గాని కొలతలు తీసుకోడు. ఇటు రండి, చేతులు చాపండి."

అతను సిగ్గుపడి చేతులు చాపాడు. ఆవిడ టేపుతో భుజం, ఛాతీ, చెయ్యి చకచకా చూసి, ఎప్పటిలాగే అంకెలు గుడ్డ మీదే సుద్దతో వేసి, నోటుబుక్కులో రెండే రెండు మాటలు రాసింది. అతను వెళ్లాక కత్తెర ఉడికిపోయింది.

"ప్రతివాడూ అడుగుతాడు, నువ్వు ప్రతివాడికీ ఉన్నారు చెప్పండి అంటావు. నేనే అని ఒక్కసారైనా అనొచ్చు కదమ్మా?"

"అనేదేముందే? కుట్టు చూస్తే తెలీదూ?"

"చూసేవాళ్లకి తెలుస్తుంది. అందరూ చూస్తారా?"

"నీకీవేళ ఆఫీసులో ఎవరిమీదో ఒళ్లు మండింది. ఆ మంట నామీద పోయకు. పెట్టెలో నిప్పులున్నాయి, ఆ చొక్కాలు ఇస్త్రీ చెయ్యి, చల్లబడతావు."

కత్తెర చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, ఏది ఎవరిదో చూడటానికి నోటుబుక్కు తిరగేసింది. ఆ పుస్తకం తనకి కొత్తదేమీ కాదు. పేజీకొక మనిషి. పైన పేరు, కింద దాదాపు అంతా ఖాళీ. ఒకడికి "కాలరు కొంచెం వదులు" అని ఉంది. ఒకడికి "జేబు కుడి" అని ఉంది. ఇంకొకడికి ఏమీ లేదు.

"ఈయనకి జేబు ఎటో రాయలేదేంటి?" అనడిగింది చిన్నప్పుడొకసారి. తల్లి ఇప్పటికీ అదే చెప్తుంది, విసుగు లేకుండా.

"చెప్పకపోతే ఎడమవైపే. నూటికి తొంభై తొమ్మిది మందికి ఎడమవైపే కదా, అందరికీ ఎడమ ఎడమ అని రాసుకుంటూ కూర్చుంటే చొక్కాలు ఎప్పుడు కుట్టను? ఎడంచేతి వాటం వాడొస్తే వాడొక్కడికి కుడి అని రాస్తాను. వాడి పేజీ తీయగానే ఆ ఒక్క మాటే కంట్లో పడుతుంది. అన్నీ రాసుంటే అది పడేదా?"

ఈ ఖాళీ పేజీల్లోంచే పోయిన వారం కత్తెరకి దారి దొరికింది. ఓవెన్ ప్యానెల్‌లో ప్రతి స్క్రీన్‌కీ ఒక ఫ్రేమ్ కావాలి. ఆ ఫ్రేమ్‌కి మూడు అరలు, పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి. ఆ కోడ్‌లో ఎలా గీయాలో చెప్పనక్కర్లేదు, ఏమేం ఉండాలో చెప్తే చాలు: ఇక్కడొక అంకె, దాని కింద ఒక బొత్తాం, అంతే. కానీ దేన్ని పెట్టినా ఏ అరలోకో చెప్పి తీరాలి. "నడుమ" అని రాయాలి, బ్రాకెట్ తెరవాలి, లోపల వస్తువు రాయాలి, బ్రాకెట్ మూయాలి. ఆ వస్తువు ఇంకో పెట్టె అయితే దానికీ ఇదే తంతు. ఈ తంతు పడలేక ఒక్కొక్కళ్లు ఫ్రేమ్‌నే తమ స్క్రీన్‌లోకి కాపీ కొట్టుకున్నారు. అలా నలభై ఎనిమిది స్క్రీన్లకి నలభై ఎనిమిది ఫ్రేమ్‌లు తయారయ్యాయి. నూటికి తొంభై అయిదు వస్తువులు వెళ్లేది నడుమకే కదా! కత్తెర చేసింది చూస్తే ఎంతో లేదు. అసలు ఫ్రేమ్‌లో, నడుమ అర ముందర, డిఫాల్ట్ అన్న ఒక్క మాట చేర్చింది. ఇక పేరు చెప్పకుండా ఏది పెట్టినా నడుమకే పోతుంది. పైకో కిందికో వెళ్లాల్సినదానికి మాత్రం చెప్పాలి. ఆ తర్వాత ఒక్కో స్క్రీన్ తెరిచి, కాపీ ఫ్రేమ్‌ని పీకేసి, ఆ నడుమలూ బ్రాకెట్లూ కొట్టేయడమే.

ఇప్పుడా స్క్రీన్‌ని చదివితే, అంకె, బొత్తాం, ఆవిరి గీత, వరసగా మనిషి మాట్లాడినట్టుంటుంది.

*

మంగళవారం పదకొండు స్క్రీన్లయ్యాయి, బుధవారం మిగతావి. కోసేటప్పుడు కత్తెర ఒళ్లు మరిచిపోయింది. ముందు ఒక స్క్రీన్ మొత్తం పైనించి కిందికి చదువుతుంది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఆ స్క్రీన్ నిజంగా ఏం చెప్పదలుచుకుందో మెల్లగా పైకే అనుకుంటుంది: "లోపలి వేడి. అడిగిన వేడి. ఆవిరి వదులు." మూడు మాటలు. అప్పుడు ముందుకి వంగి, ఆ మూడు మాటలూ మిగిలేదాకా తీసేస్తుంది. తీసేశాక ప్యానెల్ మీద ఆ స్క్రీన్ తెరిచి, ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా అని వేలు పెట్టి బొత్తాం బొత్తాం చూస్తుంది. కిందిపట్టీలో ఉండాల్సిన గడియారం నడుమకి ఎక్కి కూర్చుంది ఒకచోట. "నువ్వు మాత్రం చెప్పించుకోవాలి," అని దానికి "కింద" అన్న మాట తగిలించింది. ఇప్పుడా స్క్రీన్‌లో అర పేరున్న వస్తువు అదొక్కటే. అమ్మ పుస్తకంలో కుడిజేబులా టక్కున కంట్లో పడింది.

"అక్కా, నిన్ను చూస్తే భయమేస్తోంది. నీలో నువ్వే నవ్వుకుంటున్నావు," అంది వాగుడుకాయ.

"ఇటు రా. ఇది చదువు."

వాగుడుకాయ చదివింది. ముప్ఫయ్యారో స్క్రీన్ అది, నాలుగు నెలల కింద తనే రాసింది, మూడొందల లైన్లు. ఇప్పుడు నూట డెబ్భై. ఆ పిల్ల పైనించి మళ్లీ ఒకసారి చదివింది. "నేను ఇంత చక్కగా రాశానా?" అంది.

"నువ్వే రాశావు. చక్కదనం ఆ బ్రాకెట్ల అడుగున పడి కనబడలేదు, అంతే."

బుధవారం సాయంత్రం అయిదున్నరకి నలభై ఎనిమిదో స్క్రీన్ అయిపోయింది. కత్తెర పని అప్పగించే ఫారం తెరిచింది. ఏం పని, ఏ ఫైళ్లు, ఎవరు చూడాలి, చేసినవారు. మూడు రోజులుగా చెప్పనక్కర్లేనివన్నీ కొట్టేస్తూ వచ్చిన చెయ్యి అది, మంచి ఊపు మీద ఉంది. సీటు నాది, మెషీన్ నాది, మూడు రోజులు కదలకుండా కూర్చున్నది నేను. "చేసినవారు" దగ్గర ఏమీ రాయకుండా దాటేసి నొక్కేసింది. ఎప్పుడూ అక్కడ పేరు రాసే మనిషి! తనేం చేసిందో ఆ క్షణాన తనకే తెలియలేదు. బ్యాగు భుజాన వేసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్లింది.

*

గురువారం బోర్డు మీద రెండు మైనస్‌లున్నాయి. కత్తెర పక్కన పాతదే, రెండువేల మూడువందల పన్నెండు. గురువుగారి పక్కన మైనస్ మూడువేల నూట నలభై.

కత్తెర ముందు అర్థం కాక చూసింది. తర్వాత అర్థమై చూసింది.

మేడమ్ కాఫీ పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉంది. "గురువుగారూ! మీరు మైనస్‌లోకి వెళ్లారేంటండీ?"

గురువుగారు తన సీటులోంచి లేచాడు. అంకె చూశాడు. కత్తెర వైపు ఒక్క క్షణం చూసి కళ్లు తిప్పుకున్నాడు. "అదీ... ఓవెన్ స్క్రీన్లండీ. కోడ్ తగ్గించాం."

ఆ "చాం"లో ఎంతమంది ఉన్నారో మేడమ్ అడగలేదు.

"మీరంతటి మనిషి తగ్గించారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. అనుభవం అంటే ఇదీ! రాయడం ఎవరైనా రాస్తారు, ఏది తీసేయాలో తెలియాలి," అని మేడమ్ గది గదంతా వినబడేలా అంది. తర్వాత కత్తెర వైపు తిరిగింది, మెత్తగానే. "చూశావా అమ్మా? తీసేయడమంటే అలా తీసేయాలి. గురువుగారి దగ్గర కూర్చుని నేర్చుకో. ఎలాగూ సోమవారం నుంచి పరీక్షల గదిలో కాస్త తీరిక ఉంటుంది నీకు."

అవే స్క్రీన్లు, అదే ఫ్రేమ్, అదే డిఫాల్ట్ అన్న మాట. అది కత్తెర పేరు పక్కన ఉంటే చెడగొట్టడం, గురువుగారి పేరు పక్కన ఉంటే అనుభవం! ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచింది. కానీ పని చూస్తే తెలీదూ అన్న తల్లి మాటే అడ్డం పడింది. చూడనీ, చూస్తే తెలుస్తుంది అనుకుంది. మేడమ్ ఏమీ చూడకుండా తన గదిలోకి వెళ్లిపోయింది.

వాగుడుకాయ కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చింది. "నేను వెళ్లి చెప్పేస్తాను."

"నువ్వు చెప్తే నేను చెప్పలేకపోయాననే అవుతుంది. కూర్చో."

భోజనాల వేళ దాకా ఆగి, గురువుగారు ఒంటరిగా చెయ్యి కడుక్కుంటున్నప్పుడు కత్తెర వెళ్లి పక్కన నిలబడింది.

"ఆ పని నాది గురువుగారూ."

ఆయన కొళాయి కట్టేయలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. "తెలుసమ్మా. నేను నీ పని లాక్కోలేదు. నువ్వు పేరు ఖాళీగా వదిలేశావు, ఫారం నా పేరు వేసుకుంది. ఆ ఫారం చేసింది నేనే, పన్నెండేళ్లయింది. అప్పుడీ ఆఫీసులో ఉన్నది నేనొక్కణ్ణే. ఖాళీగా వదిలితే నా పేరే పడేలా పెట్టుకున్నాను. అప్పుడింకెవరి పేరు పడుతుంది చెప్పు?"

"ఇప్పుడు ఆరుగురం ఉన్నాం కదండీ."

"మార్చాలనే అనుకున్నాను..." ఆయన నీళ్లు నమిలాడు. "ఇప్పుడెళ్లి కాదంటే మేడమ్ ముందు నేనేమైపోవాలి? అందరిముందూ పొగిడింది. నెల తిరగనీ. మెల్లగా చెప్పి నిన్ను మళ్లీ ఓవెన్లలోకి తెచ్చే పూచీ నాది."

కత్తెర కొళాయి కట్టేసి వచ్చేసింది.

*

శుక్రవారం రొట్టెలాయన వచ్చాడు. ఓవెన్లు తయారుచేసే కంపెనీ ఆయనది. ఇప్పటికీ తన కార్ఖానాలో మొదటి వాయి రొట్టె తనే కాలుస్తాడట. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు, చంకలో దళసరి చేతితొడుగు. అందరూ సమావేశాల గదిలో ప్యానెల్ చుట్టూ చేరారు. ఆయన కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అంతా బాగుంది గాని నాకొకటి మారాలి," అన్నాడు. "ఆపేసే ఎర్ర బొత్తాం ఒక్కో స్క్రీన్‌లో ఒక్కోచోట ఉంది, కొన్నిట్లో అసలు లేదు. మావాడి కుడిచేతిలో పొడుగు కర్రపార ఉంటుంది, దాని మీద రొట్టెలుంటాయి. ఏదైనా అయితే వాడు ఎడంచేత్తో, ఈ తొడుగుతో, చూడకుండా కొట్టాలి. నలభై ఎనిమిదింట్లోనూ కింద ఎడమవైపు, ఇంత పెద్దది ఉండాలి. పోయిన నెల మా పిల్లాడొకడు బొత్తాం వెతుక్కునేలోపు చెయ్యి కాల్చుకున్నాడు. ఎన్నాళ్లు పడుతుంది?"

ఇంతకుముందు ఇలాంటి మార్పుకి మూడు వారాలు పట్టింది. అది మేడమ్‌కి గుర్తుంది. కానీ నిన్నటి అంకె ఇంకా తాజాగా ఉంది. "మా గురువుగారు మొన్నే మొత్తం తిరగరాశారు. గురువుగారూ, ఇక్కడే చేసి చూపించండి."

గురువుగారు మేడమ్ వైపోసారి, ప్యానెల్ వైపోసారి చూశాడు. అయినా కూర్చున్నాడు. మొదటి స్క్రీన్ తెరిచాడు. అలవాటు కొద్దీ "నడుమ" అని రాశాడు, బ్రాకెట్ తెరిచాడు, ఎర్ర బొత్తాం రాశాడు, మూశాడు, నడిపించాడు. ప్యానెల్ నల్లబడింది. ఒకే అరకి రెండుసార్లు చెప్పారు అని ఎర్రగా ఒక వరస వచ్చింది. ఆయన చెమట తుడుచుకుని బ్రాకెట్ జరిపాడు. మళ్లీ అదే. ఈసారి పక్కనున్న ఆవిరి గీతని తీసి లోపల పెట్టబోయాడు.

కత్తెర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఊరుకుందామనే నిలబడింది, దేవుడి సాక్షిగా. గురువుగారు నవ్వులపాలైతే కాసేపు బాగానే ఉండేది కూడా. కానీ ఆ ఆవిరి గీతని పీకుతుంటే చూడలేకపోయింది. అంత శుభ్రంగా కూర్చున్న స్క్రీన్ అది.

"గురువుగారూ, దాన్ని కదపకండి. 'నడుమ' అన్న మాట తీసేయండి చాలు. అది చెప్పనక్కర్లేదు."

ఆయన తీసేశాడు. ప్యానెల్ వెలిగింది.

"అసలు ఈ స్క్రీన్‌లో రాయనక్కర్లేదు. ఫ్రేమ్‌లో ఒక్కచోట పెట్టండి."

"ఫ్రేమ్... ఏ ఫైలమ్మా?" అన్నాడాయన, చాలా చిన్న గొంతుతో.

ఆ మాటకి మేడమ్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. రొట్టెలాయన గురువుగారి వేళ్లని, కత్తెర మొహాన్ని మార్చి మార్చి చూశాడు.

"నేను రొట్టె విరిచి, ఆ పిండి కలిపిన చెయ్యి ఎవరిదో చెప్పగలను," అన్నాడు. "ఇది ఈయన కలిపిన పిండి కాదు. ఎవరు చేశారమ్మా దీన్ని?"

సూటిగా అడిగాడు. ఇన్నాళ్లలో అలా అడిగినవాళ్లే లేరు. చూస్తే తెలీదూ అన్న మాట కత్తెర నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నేనండీ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అందుకని మళ్లీ అంది, ఇంకొంచెం గట్టిగా. "నేనే చేశాను. నలభై ఎనిమిదీ."

గురువుగారు కుర్చీలోంచి లేచాడు. కుర్చీని ఆవిడ వైపు తిప్పాడు. "అవును మేడమ్. అన్నీ ఆవిడవే. ఫారంలో పేరు ఖాళీగా ఉంటే నా పేరు పడింది. పడిందని నాకు తెలుసు. చెప్పాల్సింది, చెప్పలేదు." ఆ నాలుగు ముక్కలు అనేసరికి ఆయన మొహానికి పదేళ్లు పైబడ్డట్టయింది. అయినా తల దించుకోలేదు. ఆయన్ని అంతవరకు మెచ్చుకోవాలి.

కత్తెర కూర్చుంది. ఫ్రేమ్ ఫైలు తెరిచింది. కింద ఎడమ మూల, ఎర్ర బొత్తాం, ఇంత పొడుగు, ఇంత వెడల్పు. ఆరు లైన్లు. నడిపించి, రొట్టెలాయన వైపు ప్యానెల్ జరిపింది. ఆయన తొడుగు వేసుకుని ఎడంచేత్తో ఫట్‌మని కొట్టాడు. ఓవెన్ ఆగింది అని చూపించింది. రెండో స్క్రీన్, కొట్టాడు. మూడో స్క్రీన్, మొహం కిటికీ వైపు తిప్పుకుని కొట్టాడు. అలా నలభై ఎనిమిదీ కొట్టి చూసిందాకా వదల్లేదు, మొండి మనిషి. ఒక్కొక్క దెబ్బకీ కత్తెర గుండె గర్వంతో ఒక్కో అంగుళం పెరిగింది. నలభై ఎనిమిదో దెబ్బకి వాగుడుకాయ చప్పట్లు కొట్టేసింది.

"మూడు వారాలన్నారు కదూ పోయినసారి?" అన్నాడు రొట్టెలాయన తొడుగు విప్పుతూ. "వచ్చే ఏడు చిన్న ఓవెన్ తెస్తున్నాను. దానికి ఈవిడ ఉంటేనే నేనొస్తాను."

మేడమ్ ఆయన్ని సాగనంపి వచ్చి, కత్తెర ముందు నిలబడింది. మనిషి అహంకారి కాదు, అంకెల పిచ్చి అంతే. "నిన్న అందరి ముందూ అన్నాను నిన్ను," అంది. "ఇది కూడా అందరి ముందే అంటున్నాను. పొరపాటు నాది. జాబితా చింపేశాను."

గురువుగారు ఫారం తెరిచి కూర్చున్నాడు. "ఆ ఖాళీలో ఇకనుంచి నీ పేరు పడేలా పెట్టనా అమ్మా?" అన్నాడు. నిజంగానే అడిగాడు పాపం.

"నా పేరూ వద్దు గురువుగారూ. రేపు ఈ పిల్ల పని నా పేరున పడుతుంది, నేనూ మీలాగే నీళ్లు నములుతాను. అక్కడ డిఫాల్టే ఉండకూడదు. ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వకూడదు."

"మొన్నటిదాకా చెప్పనక్కర్లేదు చెప్పనక్కర్లేదని నువ్వే కదా..."

"జేబు ఎటో చెప్పనక్కర్లేదు. చొక్కా ఎవరిదో చెప్పాలి కదండీ."

ఆయనకి జేబు సంగతి అర్థం కాలేదు. అయినా లేచి కుర్చీ ఇచ్చాడు. ఆ కోడ్ కత్తెరే రాసింది. కొట్టేయకుండా రాయడం ఎన్నాళ్లకో. అప్పగించేటప్పుడు ఆ ఫారమే ఆవిడ పేరు అడిగింది. అక్షరం అక్షరం నొక్కి రాసింది.

*

శనివారం పొద్దున బోర్డు మీద కత్తెర పేరు పక్కన పదిహేడు అని ఉంది. ఎర్ర బొత్తానికి ఆరు, పేరు అడగడానికి పదకొండు. ముందు గీత లేదు.

"అయిదువేల లైన్లు కోస్తే తిట్లు, పదిహేడు రాస్తే దండం," అంది వాగుడుకాయ. "అక్కా, మనం తప్పు ఊళ్లో పుట్టాం."

ఒంటిపూట ఆఫీసు. కత్తెర ఇంటికొచ్చేసరికి తల్లి కాజాలు కుడుతోంది. కత్తెర ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది, బోర్డు, గురువుగారు, నలభై ఎనిమిది దెబ్బలు. తల్లి సూది ఆపలేదు గాని మధ్యలో రెండుసార్లు దారం పొరపాటున తెంపింది. అంతా విన్నాక, "నేనే అన్నావా? అంతమందిలో?" అంది.

"అన్నాను. నీ పోలికే వచ్చుంటే అనేదాన్ని కాదు."

"ఏడిశావులే," అంది తల్లి. కానీ కళ్లు మాత్రం మెరిశాయి.

గుమ్మంలో నీడ పడింది. ఎవరో పెద్దమనిషి, చంకలో చొక్కా గుడ్డ. తలెత్తి మీసాల బొమ్మ చూసి, లోపలికి చూశాడు.

"టైలర్ గారు లేరా అమ్మా?"

"ఉన్నా..." అని తల్లి సగంలో ఆగింది. సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. కూతురి వైపు చూసింది. లేచి నిలబడి, మెడలో టేపు సరిచేసుకుంది.

"నేనే," అంది. "నేనే టైలర్ని. గుడ్డ ఇలా ఇవ్వండి."

ఆయన ఇచ్చాడు, అందులో వింతేమీ లేనట్టే. చేతులు చాపుతూ, "జేబు సంగతి..." అన్నాడు.

"చెప్పకపోతే ఎడమవైపే."

కత్తెర నోటుబుక్కు అందుకుని కొత్త పేజీ తీసింది. ఆయన్ని అడిగి పైన ఆయన పేరు రాసింది. కింద ఏమీ రాయలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది, పేజీ అడుగున ఒక మూల, కుట్టినవారు అని రాసి, తల్లి పేరు పూర్తిగా రాసింది.